నూరేళ్ల ఆయుష్షులో జన్యువుల వాటా ఎంత?

"మా వంశంలో ఆయుష్షు గట్టిది" అనే మాట మన ఇళ్లలో తరచూ వినబడుతుంది. తాత తొంభై దాటి బతికిన ఇంట్లో మనవణ్ని సిగరెట్ మానమంటే, ఆ తాత పోయేదాకా చుట్ట తాగిన సంగతి ఎత్తుకుంటాడు. తండ్రి యాభైకే గుండెపోటుతో పోయిన ఇంట్లో కొడుకు నలభై ఐదు దాటగానే లోలోపల రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాడు. ఇద్దరి నమ్మకమూ ఒకటే, ఆయుష్షు రక్తంలోనే రాసి ఉంటుందని. ఇందులో నిజమెంత? గత నలభై ఏళ్లుగా జన్యుశాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వెంట పడ్డారు. కవలల రిజిస్టర్లు తిరగేశారు, నులిపురుగులను పెంచారు, నూరేళ్లు దాటినవారి రక్తం పరీక్షించారు, కోట్లమంది వంశవృక్షాలను కంప్యూటర్లకు ఎక్కించారు. తేలిన జవాబు ఆ మనవడికీ ఈ కొడుక్కీ ఒకటి కాదు. ఏ వయసు గురించి అడుగుతున్నామన్న దాన్నిబట్టి జన్యువుల వాటా మారిపోతుంది.

ముందు అంకెల సంగతి చూద్దాం. డెన్మార్క్‌లో 1870–1900 మధ్య పుట్టిన 2,872 కవల జంటల జనన మరణాలను పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగానికి పునాది లాంటిది. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులన్నీ ఒకటే. వేర్వేరు అండాల నుంచి పుట్టినవారు మామూలు తోబుట్టువుల్లాగే సగటున సగం పంచుకుంటారు. మొదటి రకం జంటల ఆయుష్షులు రెండో రకం కంటే ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో చూస్తే జన్యువుల ప్రభావం అంచనాకు వస్తుంది. అలా తేలింది మగవారిలో 26 శాతం, ఆడవారిలో 23 శాతం. ఆయుష్షులో పావు వంతు జన్యువులదన్న మాట అప్పటినుంచి స్థిరపడింది.

ఈ శాతాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. 80 ఏళ్లు బతికిన మనిషికి అందులో 20 ఏళ్లు జన్యువులు ఇచ్చాయని దీని అర్థం కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య ఆయుష్షులో కనిపించే తేడాల్లో పావు వంతు జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని మాత్రమే. కాలమో, దేశమో మారితే ఆ అంకె కూడా మారుతుంది.

మారింది కూడా. గూగుల్ నెలకొల్పిన కాలికో, వంశవృక్షాల సంస్థ యాన్సెస్ట్రీ కలిసి 2018లో 40 కోట్లమందికి పైగా మనుషుల వివరాలు చూశాయి. అందులో ఓ వింత బయటపడింది. తోబుట్టువుల ఆయుష్షులే కాదు, వాళ్ల భార్యల, భర్తల తరఫు బంధువుల ఆయుష్షులు కూడా ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. మన మేనరికాల్లోనైతే బావామరదళ్లకు రక్తసంబంధం ఉండొచ్చు, కానీ ఇవి ప్రధానంగా అమెరికా, ఐరోపా మూలాల కుటుంబాలు. రక్తసంబంధం లేనివారి ఆయుష్షులు ఎందుకు కలుస్తాయి? మనుషులు తమలాంటి చదువు, సంపాదన, అలవాట్లు ఉన్నవారినే పెళ్లాడతారు గనుక. ఆ ప్రభావాన్ని తీసేసి లెక్క కడితే జన్యువుల వాటా 7 శాతానికి మించలేదు. అదే ఏడాది 1.3 కోట్లమంది ఉన్న ఒకే మహావంశవృక్షాన్ని పరిశీలించిన మరో బృందం 16 శాతమంది. ఇటీవల ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యూరీ అలోన్ బృందం ఇంకో దారి పట్టింది. పాత కాలపు కవలల్లో ఎంతోమంది అంటురోగాలతో, ప్రమాదాలతో పోయారు. ఒకే జన్యువులున్న అన్నదమ్ముల్లో ఒకడు క్షయతో ముప్ఫైకే పోయి, ఇంకొకడు ఎనభై దాకా బతికితే జన్యువుల ప్రభావం లెక్కలో మరుగున పడిపోతుంది. అలాంటి బయటి చావులను గణితంతో పక్కన పెడితే జన్యువుల వాటా దాదాపు 50 శాతానికి ఎక్కింది.

7, 16, 25, 50. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే అంకెలని నేననుకోను. బయటి చావులు ఎక్కువగా ఉన్న సమాజంలో జన్యువుల మాట వినబడదు. కలరా, ప్రసూతి మరణాలు, కరువు, కలుషితమైన నీరు తగ్గేకొద్దీ మనుషుల మధ్య మిగిలే తేడాల్లో జన్యువులవి పైకి తేలతాయి.

మన దేశమే ఇందుకు సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. ఇప్పుడు 70 దాటింది. రెండు మూడు తరాల్లో జాతి జన్యువులు మారవు. మారినవి టీకాలు, మంచినీళ్లు, కాన్పు ఆసుపత్రులు, తిండి, యాంటీబయాటిక్ మందులు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ జబ్బుకు మందుగా పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాత ఆయన బృందమే అమెరికాలో తయారుచేసింది. ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచే మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ వచ్చింది. ఆ సోదరుల చావుకు వంశదోషం కారణం కాదు, మందు లేకపోవడమే కారణం. ఇక సుబ్బారావుగారు 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు.

అయితే ఈ కథంతా డెబ్బై, ఎనభై ఏళ్ల వరకే. నూరు దగ్గరికి వెళ్లేకొద్దీ బొమ్మ తిరగబడుతుంది.

బోస్టన్ విశ్వవిద్యాలయంలో టామ్ పెర్ల్స్ నడిపే శతాధిక వృద్ధుల అధ్యయనం 2002లో ఒక లెక్క బయటపెట్టింది. నూరేళ్లు నిండినవారి అన్నదమ్ములు తాము కూడా నూరు చేరే అవకాశం అదే కాలంలో పుట్టిన సాధారణ ప్రజలకంటే కనీసం 17 రెట్లు ఎక్కువ. అక్కచెల్లెళ్లకైతే 8 రెట్లు. న్యూయార్క్‌లో నిర్ బర్జిలాయ్ బృందం అష్కెనాజీ యూదు కుటుంబాలను ఎంచుకుంది. శతాబ్దాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమాజం కాబట్టి అక్కడ జన్యువుల తేడా పట్టుకోవడం సులువు. 95 దాటిన 477 మందిని నడివయసులో ఎలా ఉండేవారని అడిగితే, పొగతాగడంలో గానీ, మద్యంలో గానీ, వ్యాయామంలో గానీ వీళ్లు తమ తరం మిగతావారికంటే ప్రత్యేకంగా బుద్ధిమంతులేమీ కాదని తేలింది. లావుగా ఉన్నవారు కూడా వాళ్లలో ఉన్నారు. అంటే వీళ్లను ఏదో లోపలినుంచి కాపాడింది. చుట్ట తాగిన తాతగారి రహస్యం బహుశా ఇదే. కానీ ఆ తాతగారి జన్యువుల్లో మనవడికి దక్కింది సగటున నాలుగో వంతు. ఏ నాలుగో వంతో ఎవరికీ తెలియదు. నూరేళ్లవాళ్ల ఉదాహరణ చూపి సిగరెట్ వెలిగించడం ప్రాణాంతకమైన తర్కం.

ఈ లెక్కలన్నిటికీ ఆధారం వయసు సరిగ్గా తెలియడం. ఇప్పటివరకు రుజువైన అత్యధిక ఆయుష్షు ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి చెందిన జాన్ కల్మాంది. 1875లో పుట్టి 1997లో పోయిన ఆమె 122 ఏళ్ల 164 రోజులు బతికింది. ఆమె విషయంలో జననపత్రం నుంచి జనాభా లెక్కల దాకా కాగితాలున్నాయి. అన్నిచోట్లా అలా ఉండదు. 2010లో టోక్యోలో 111 ఏళ్ల వృద్ధుడని రికార్డుల్లో ఉన్న వ్యక్తి మూడు దశాబ్దాల కిందటే చనిపోయాడని ఇంట్లో దొరికిన అవశేషాలతో బయటపడింది. ఆ తర్వాత కుటుంబ రిజిస్టర్లు తనిఖీ చేస్తే, నూరు దాటినట్టు పేరుండి ఆచూకీ లేనివారు 2.3 లక్షలకు పైగా తేలారు. మన 2011 జనగణనలో నూరేళ్లు దాటినట్టు నమోదైనవారు 6 లక్షల పైచిలుకు. ప్రపంచంలోనే దీర్ఘాయుష్షుకు పేరుబడిన జపాన్‌లో 2025లో అలాంటివారు దాదాపు లక్ష. మన అంకెను నమ్మలేం. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన నక్షత్రం తెలుసు, ఏ గాలివాన ఏడాది పుట్టారో తెలుసు, తేదీ మాత్రం బడిలో పంతులు వేసిందే. దీర్ఘాయుష్షు జన్యువుల కోసం మన పల్లెల్లో వెతకడానికి పెద్ద అడ్డంకి ఇదే.

అసలు ముసలితనం ఎందుకుంది? జన్యువులే దేహాన్ని నిర్మిస్తున్నప్పుడు, దాన్ని ఎల్లకాలం నిలబెట్టే జన్యువులను ప్రకృతి ఎందుకు ఎంపిక చేయలేదు? ఈ వ్యాసానికి కూర్చున్నప్పుడు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది ఈ ప్రశ్నే. దీనికి జవాబు మొదలైంది జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర. 1941లో ఆయన హంటింగ్‌టన్ వ్యాధి గురించి ఆలోచించాడు. ఒక్క చెడు జన్యువుతో వచ్చే ఆ జబ్బులో మెదడు క్షీణించి మనిషి తప్పక చనిపోతాడు. అంత ఘోరమైన జన్యువు ఎన్నడో తుడిచిపెట్టుకుపోవాలి కదా? పోలేదు. ఎందుకంటే జబ్బు సాధారణంగా ముప్ఫై దాటాకే బయటపడుతుంది. అప్పటికే మనిషికి పెళ్లయి పిల్లలు పుట్టేస్తారు, జన్యువు తర్వాతి తరానికి దాటిపోతుంది. ప్రకృతి ఎంపిక పిల్లలు పుట్టే వయసు దాకానే గట్టిగా కాపలా కాస్తుంది, ఆ తర్వాత దాని పట్టు సడలుతుంది.

ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాదు. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చాడు. భారత పౌరసత్వం తీసుకున్నాడు. చివరికి భువనేశ్వర్‌లో స్థిరపడి 1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని రాసిపెట్టాడు, అలాగే ఇచ్చారు. ముసలితనానికి జన్యు కారణాన్ని తొలుత ఊహించినవారిలో ఒకడైన మేధావి ఆఖరి మజిలీ గోదావరి జిల్లా అన్న సంగతి మన బడి పుస్తకాల్లో కనబడదు. ఉండి తీరాల్సిన సంగతి.

హాల్డేన్ ఆలోచనను పీటర్ మెడావర్ 1952లో సిద్ధాంతంగా మలిచాడు. అడవిలో జంతువులు ముసలితనం దాకా బతకనే బతకవు, ఆకలో, పులో, చలో ముందే తీసుకుపోతుంది. కాబట్టి ముదిమిలో మాత్రమే చెరుపు చేసే లోపాలు వడపోతకు దొరక్కుండా తరతరాలుగా పోగుపడతాయి. 1957లో జార్జ్ విలియమ్స్ ఇంకో మెట్టు ఎక్కాడు. వయసులో ఉన్నప్పుడు మేలు చేసే జన్యువే వయసు మళ్లాక కీడు చేస్తే ప్రకృతి దాన్ని ఆనందంగా ఉంచేసుకుంటుందన్నాడు. 1977లో టామ్ కిర్క్‌వుడ్ దీన్ని ఖర్చు లెక్కగా చూపాడు. శరీరం జన్యువులకు అద్దె ఇల్లు లాంటిది. ఉండబోయే నాలుగేళ్లకు సరిపడా మరమ్మతు చేయిస్తారు తప్ప, వందేళ్లకు సరిపడా ఎవరూ చేయించరు. మిగిలిన శక్తి సంతానానికి పోతుంది.

ఈ సిద్ధాంతం మన గుండెల్లోనే కనిపిస్తుందని 2009లో తెలిసింది. పెరుందురై దండపాణి, హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, వారితో పనిచేసిన దేశవిదేశాల శాస్త్రవేత్తలు గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌కు సంకేతమిచ్చే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపాన్ని కనుగొన్నారు. దక్షిణాసియా ప్రజల్లో దాదాపు 4 శాతం మందిలో ఇది ఉంది. ఐరోపావారిలో లేదు. ఉన్నవారందరికీ జబ్బు రాదు, కానీ గుండె కండరం బలహీనపడే ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుంది. మరి ఇంత హానికరమైన లోపం ఇన్ని కోట్లమందిలో ఎలా మిగిలింది? వయసులో ఉన్నప్పుడు కణాలు ఆ పాడు ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు విరగ్గొట్టి ఊడ్చేస్తాయి. వయసు మళ్లేకొద్దీ ఆ ఊడ్చే శక్తి తగ్గి ప్రోటీన్ పేరుకుపోతుంది, గుండె దెబ్బతింటుంది. అప్పటికి పిల్లలు పెళ్లీడుకొచ్చి ఉంటారు. హాల్డేన్ హంటింగ్‌టన్ రోగుల్లో ఊహించింది వేల ఏళ్లుగా మన మధ్యే నడుస్తోంది.

ప్రకృతి ముసలితనాన్ని పట్టించుకోకపోతే, దాన్ని నియంత్రించే జన్యువులు ఉండవని 1980ల దాకా చాలామంది అనుకున్నారు. ఆ నమ్మకాన్ని పడగొట్టింది మిల్లీమీటరు పొడవున్న నులిపురుగు. సి. ఎలిగాన్స్ అనే ఈ పురుగు దేహంలో ఉన్నవి 959 కణాలే. అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, రెండు మూడు వారాలు బతుకుతుంది. 1983లో మైకేల్ క్లాస్ వీటిలో ఎక్కువకాలం బతికే రకాలను వేరుచేశాడు. 1988లో టామ్ జాన్సన్ బృందం ఆ గుణాన్ని ఏజ్-1 అనే ఒక్క జన్యువుకు అంటగట్టింది. 1993లో సాన్‌ఫ్రాన్సిస్కోలో సింథియా కెన్యన్ డాఫ్-2 అనే ఇంకో జన్యువును దెబ్బతీస్తే పురుగు ఆయుష్షు రెట్టింపయింది. మామూలు పురుగులు కదలక మెదలక పడి ఉన్న వయసులో ఈ పురుగులు పళ్లెంలో చురుగ్గా పాకుతున్నాయి. వాటికి ముసలితనమే ఆలస్యంగా వచ్చింది. నాలుగేళ్ల తర్వాత గ్యారీ రవ్‌కున్ బృందం డాఫ్-2 ఏమిటో విప్పింది. మనలో ఇన్సులిన్‌నూ, ఇన్సులిన్‌ను పోలిన ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల కారకాన్నీ అందుకునే గ్రాహకాలకు అది పూర్వీకుల తరం చుట్టం. తిండి సమృద్ధిగా ఉంది, ఎదుగు, పిల్లల్ని కను అని దేహానికి కబురందించే దారి అది. ఆ కబురు సన్నగిల్లితే ఫాక్సో అనే ప్రోటీన్ మేలుకుని మరమ్మతు పనులు మొదలుపెడుతుంది.

తర్వాత ఎలుకల్లో అదే కనబడింది. ఎదుగుదల హార్మోన్ లేని ఏమ్స్ మరుగుజ్జు ఎలుకలు మామూలువాటికంటే దాదాపు సగం కాలం ఎక్కువ బతుకుతాయని 1996లో తేలింది. కుక్కల్లో చిన్నజాతులు పెద్దజాతులకంటే ఎక్కువకాలం బతకడం పెంచుకునేవారికి తెలిసిందే.

మరి మనుషుల్లో? ఇక్కడ ఈక్వడార్ దేశపు కొండప్రాంతం లోహా దగ్గర కాస్త ఆగాలి. అక్కడి ఊళ్లలో లారన్ సిండ్రోమ్ ఉన్నవారు వందమంది దాకా ఉన్నారు. వాళ్ల శరీరం ఎదుగుదల హార్మోన్‌కు స్పందించదు, అందుకే ఐజీఎఫ్-1 చాలా తక్కువ. పెద్దవాళ్లయినా ఎత్తు సాధారణంగా నాలుగడుగుల లోపే. వైద్యుడు హైమే గెవారా-అగిర్రే వాళ్లను రెండు దశాబ్దాలకు పైగా చూస్తూ వచ్చాడు. వాల్టర్ లాంగోతో కలిసి 2011లో ప్రకటించిన ఫలితాల్లో మరుగుజ్జుల్లో మధుమేహం ఒక్కరికీ లేదు, చాలామంది లావుగా ఉన్నా సరే. క్యాన్సర్ ఒక్కరికి వచ్చింది, అదీ ప్రాణం తీయలేదు. అదే ఇళ్లలో మామూలు ఎత్తున్న బంధువుల్లో 17 శాతం మందికి క్యాన్సర్, 5 శాతం మందికి మధుమేహం. ఇంతటి రక్షణ ఉన్నా వాళ్లు బంధువులకంటే ఎక్కువకాలం బతకడం లేదు. ప్రమాదాలు, మద్యం, మూర్ఛలు వాళ్ల ప్రాణాలు తీస్తున్నాయి. పురుగులో ఆయుష్షును రెట్టింపు చేసిన దారే మనిషిలో రోగాన్ని ఆపింది, బతుకును పొడిగించలేకపోయింది. జన్యువులు ఇచ్చింది పరిస్థితులు లాక్కున్నాయి. ప్రయోగశాలలో దొరికిన ఫలితాన్ని రేపే మనిషికి అంటగట్టేవాళ్లు ఈ ఊళ్ల కథ ఒకసారి చదవాలి.

మనుషుల్లో దీర్ఘాయుష్షుతో నిలకడగా ముడిపడిన జన్యువులు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అన్నిటికంటే గట్టిది 19వ క్రోమోజోమ్ మీది ఏపీఓఈ. కొవ్వులను మోసే ప్రోటీన్‌ను తయారుచేసే ఈ జన్యువుకు మూడు రూపాలు. నాలుగో నంబరు రూపం ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు ఎక్కువ, రెండో నంబరు రూపం కొంత రక్షణ. 1994లో ఫ్రాన్స్‌లో నూరేళ్లవారిని పరీక్షిస్తే నాలుగో రూపం అరుదుగా, రెండోది ఎక్కువగా కనబడింది. ఆ తర్వాత దాదాపు అన్నిచోట్లా అదే వచ్చింది. రెండో పేరు ఫాక్సో3, ఆ పురుగులోని ఫాక్సోకు మానవరూపం. 2008లో హవాయిలోని జపాన్ సంతతి మగవారిలో బ్రాడ్లీ విల్‌కాక్స్ బృందం దీన్ని గుర్తించింది.

ఇంతకుమించి ఆశపడినవారికి ఎదురుదెబ్బ తగిలింది. 2010లో 150 జన్యు గుర్తులు చూసి ఎవరు నూరేళ్లు బతుకుతారో 77 శాతం కచ్చితంగా చెప్పగలమని 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ప్రపంచమంతా పతాకశీర్షికలు. వృద్ధుల నమూనాలనూ, పోల్చడానికి తీసుకున్నవారి నమూనాలనూ ఒకేరకం పరీక్ష చిప్‌లతో చదవలేదని తర్వాత బయటపడింది. చిప్‌ల తేడా ఆయుష్షు తేడాగా కనబడింది. 2011లో రచయితలే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

తర్వాత పది లక్షలమందికి పైగా తల్లిదండ్రుల ఆయుష్షులను వారి సంతానపు జన్యువులతో పోల్చిన పెద్ద అధ్యయనాల్లో బయటపడినవి చూస్తే, ఆయుష్షు జన్యువులన్న పేరే వీటికి తగదనిపిస్తుంది. వాటిలో ఒకటి నికోటిన్ గ్రాహకపు జన్యువు. దాని ఒక రూపం ఉన్నవాడు పొగతాగితే ఎక్కువ తాగుతాడు, మానడం కష్టమవుతుంది. సిగరెట్ ముట్టనివాడికి ఆ రూపంతో దాదాపు చిక్కే లేదు. ఇంకొకటి చెడు కొవ్వును రక్తంలోంచి లాగేసే ఎల్‌డీఎల్ గ్రాహకానిది. మరొకటి లైపోప్రోటీన్-ఏ అనే గుండెకు చేటైన కణాన్ని నిర్ణయించేది. అంటే ఈ జన్యువుల్లో చాలామటుకు గుండెజబ్బుకూ, మతిమరుపుకూ, పొగకూ సంబంధించినవి. అవి ఆయుష్షు పోయవు, కోత పెట్టేవే ఎక్కువ. నూరేళ్లు బతికినవారి అదృష్టంలో కొంతభాగం, చేటు చేసేవి తమకు రాకపోవడమే.

ఇలాంటి జన్యువు నుంచి మందు పుట్టిన కథ ఒకటుంది. పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతోనే సరిగా పనిచేయని నల్లజాతి అమెరికన్లలో చెడు కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువగా ఉంటుందనీ, గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువనీ 2006లో డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ చూపారు. ఆ జన్యువు చేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015కల్లా మార్కెట్‌లోకి వచ్చాయి. కొందరికి పుట్టుకతో దక్కిన రక్షణను మందుతో మిగతావారికి పంచడమంటే ఇదే.

ముసలితనాన్ని ముందుకు తోసే జన్యులోపాలు అరుదు, కానీ అవి నేర్పింది ఎక్కువ. ప్రోజీరియాతో పుట్టిన పిల్లవాడికి రెండేళ్లకల్లా జుట్టు రాలడం, చర్మం బిగుసుకోవడం మొదలవుతుంది. సగటున 14 ఏళ్లకే గుండెపోటుతోనో పక్షవాతంతోనో ప్రాణం పోతుంది. 2003లో కారణం దొరికింది. ఎల్‌ఎమ్‌ఎన్‌ఏ అనే జన్యువులో 1824వ స్థానంలో 'సి' అక్షరం ఉండాల్సిన చోట 'టి' ఉంది, అంతే. ఆ మార్పుతో ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లం కూడా మారదు. కానీ కణం సంకేతాన్ని కత్తిరించే చోటు తప్పిపోయి, 50 అమైనో ఆమ్లాలు తగ్గిన ప్రోజెరిన్ అనే ముక్క తయారై కణకేంద్రపు గోడను వంకరలు తిప్పుతుంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిన లోపం కూడా కాదు, దాదాపు ప్రతిసారీ కొత్తగా పుట్టేదే. 2020లో లోనాఫార్నిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి దొరికింది. ఆ పిల్లలకు రెండు మూడేళ్లు కలిసివస్తున్నాయి. పదేళ్లకే పండుముసలి అయిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఆ రెండేళ్ల విలువ మనం కట్టలేం.

పుట్టుకతో వచ్చిన జన్యువులతోనే కథ అయిపోదు. బతుకుతున్నంతకాలం కణాల్లో డీఎన్‌ఏ మారుతూనే ఉంటుంది. 2022లో కేంబ్రిడ్జ్ దగ్గరి శాంగర్ సంస్థ 16 రకాల క్షీరదాల పేగు కణాలను చూసింది. ఎలుక కణంలో ఏడాదికి 800 దాకా మార్పులు పోగవుతుంటే, మనిషిలో 47 మాత్రమే. మూడేళ్ల ఎలుకకూ, ఎనభై ఏళ్ల మనిషికీ ఆయువు తీరేనాటికి చేరిన మొత్తం ఇంచుమించు ఒకటే. డెబ్బై దాటినవారిలో నూటికి పదిమందికి పైగా రక్తకణాల్లో ఒకే మూలకణపు సంతతి తామరతంపరగా పెరిగిపోతుందనీ, అది గుండెజబ్బు ముప్పును పెంచుతుందనీ 2014 తర్వాత తెలిసింది.

టెలోమియర్ల గురించి ఇప్పటికే చాలా ప్రచారముంది గనుక క్లుప్తంగా చెబుతాను. క్రోమోజోముల చివర్లుండే ఈ భాగాలు కణం విభజన చెందినప్పుడల్లా తరుగుతాయి. వాటిని తిరిగి పొడిగించే టెలోమరేజ్‌ను కనుగొన్న పరిశోధనకు 2009లో నోబెల్ వచ్చింది. అక్కడినుంచి పొడవాటి టెలోమియర్లంటే దీర్ఘాయుష్షు అని అమ్మడం మొదలైంది. పుట్టుకతో పొడవైన టెలోమియర్లు ఉన్నవారికి కొన్ని క్యాన్సర్ల ముప్పు ఎక్కువని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. 2024లో 117 ఏళ్లకు స్పెయిన్‌లో కన్నుమూసిన మరియా బ్రన్యాస్ టెలోమియర్లు బాగా పొట్టివి. డీఎన్‌ఏ మీది రసాయన గుర్తులతో వయసు కొలిచే పద్ధతిలో మాత్రం ఆమె కణాలు అసలు వయసుకంటే చాలా చిన్నవిగా తేలాయి. ఆ పద్ధతిని 2013లో స్టీవ్ హోర్వాత్ 353 గుర్తులతో తయారుచేశాడు. పరిశోధనకు అది మంచి పనిముట్టు. ఒక మనిషికి ఇంకా ఎన్నేళ్లుందో చెప్పే జాతకచక్రంగా దాన్ని అమ్మడం మోసమే.

ఉమ్మి పంపితే ఆయుష్షు చెబుతామనే పరీక్షల మీద కూడా నా తీర్పు ఇదే. వాటి ఆధారాల్లో అధికభాగం ఐరోపా సంతతివారి జన్యువులు. భారతీయుల పదివేల జన్యుక్రమాల జీనోమ్ ఇండియా సమాచారం పరిశోధకులకు తెరుచుకున్నది 2025 జనవరిలోనే. మన నూరేళ్లవారిని వయసు రుజువులతో సహా అధ్యయనం చేసే పని ఇక జరగాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం తర్వాత జననాల నమోదు మెరుగైంది కాబట్టి రేపటి వృద్ధుల వయసు మీద అనుమానాలు తగ్గుతాయి. ఇప్పటి వృద్ధుల విషయంలో పాత బడి రికార్డులు, పెళ్లి కాగితాలు, భూమి పట్టాలు పారేయకుండా ఉంచడం మన చేతిలో ఉంది.

మొదట్లో చెప్పిన ఆ కొడుకు లాంటివారికి మాత్రం జన్యుశాస్త్రం ఇప్పటికే చెప్పగలిగింది ఉంది. తండ్రికో సోదరుడికో 55 ఏళ్ల లోపు, తల్లికో సోదరికో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. కొలెస్ట్రాల్, రక్తపోటు, చక్కెరతో పాటు లైపోప్రోటీన్-ఏ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలని గుండె వైద్యుల సంఘాలు చెబుతున్నాయి. దాని స్థాయిని దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి, ప్రపంచంలో ఐదుగురిలో ఒకరికి అది ఎక్కువగా ఉంటుంది. ఎక్కువని తేలితే మిగతా ముప్పులను ముందునుంచే గట్టిగా అదుపులో పెట్టవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అది వెంట తీసుకెళ్లండి.